ఫోంతెవ్రో కన్యాస్త్రీల మఠము: దాని రాయి, దాని మట్టి

ఫోంతెవ్రో మఠమును చూడబోవు వారందరును ముందుగా రాజుల సమాధులను గూర్చియే అడుగుదురు. నేనును అడిగితిని. చూపించిరి, చూచితిని, బాగుగానే ఉన్నవి. కాని ఆ మఠమును స్థాపించిన మనుష్యుడు తన్ను ఎక్కడ పాతిపెట్టవలెనని కోరుకొనెనో జ్ఞాపకము చేసికొనిన తరువాత ఆ సమాధుల యెదుట ఊరక నిలువలేకపోతిని. అందుచేత ఈ వ్యాసములో ఆ కట్టడమును మెచ్చుకొనుటయే గాక దానితో కొంత వాదించుటకును తలంచితిని. రాతితో వాదమేమని చదువరులు నవ్వవచ్చును. గుడి గోడయు ఒక ప్రసంగమే. ప్రసంగము విని తల ఊపుట చాలదు, అది నిజమా కాదా అని చూడవలెను. బెరయ పట్టణస్థులు పౌలు చెప్పినదానినే పరీక్షించిరి గదా.

ఈ స్థలము ఫ్రాన్సు దేశములోనిది. లువార్ నది ఒడ్డుననున్న సోమూరు పట్టణము నుండి ఇంచుమించు 15 కిలోమీటర్ల దూరమున, ఒక చిన్న లోయలో ఉన్నది. 1101వ సంవత్సరమున అర్బ్రిసెల్ రాబర్టు అను సంచార బోధకుడు తన వెంట నడచుచున్న గుంపును తీసికొని ఆ లోయలో దిగెను. ఈయన బ్రిటనీ ప్రాంతపు పల్లెటూరివాడు, ఆ ఊరి గురువు కుమారుడు. (ఆ కాలమున గురువులలో పలువురు సంసారులై యుండిరి.) చింపిరి బట్టలతో ఊరూర తిరిగి మారుమనస్సును ప్రకటించుచుండగా జనులు ఇండ్లు విడిచి ఆయన వెంట వచ్చిరి. కలిగినవారు, లేనివారు, విధవరాండ్రు, వేశ్యలు, కుష్ఠరోగులు అందరును ఆ గుంపులో ఉండిరి. స్త్రీలు మిక్కిలి ఎక్కువ. రెన్ పట్టణపు బిషప్పు మార్బోదు ఒక పత్రిక వ్రాసి, ఆయన చింపిరి వేషమును, స్త్రీలతో కలిసి తిరుగుటను గట్టిగా గద్దించెను. ఆ గద్దింపు వట్టి అసూయ అని నేననను. బోధకుని మాటకు ఇల్లు విడిచి వచ్చిన స్త్రీకి రాత్రి పడుకొనుటకు చోటెక్కడ? ముసలితనమున గంజి పోయువారెవరు? ఉజ్జీవ కూటములు జరిపించు వారు నేటికిని ఈ ప్రశ్నకు జవాబు చెప్పక వెళ్లిపోవుచుందురు. రాబర్టు వెళ్లిపోలేదు. ఆయన ఇచ్చిన జవాబే ఫోంతెవ్రో.

ఒకే మఠములో ఆయన పెక్కు ఇండ్లు ఏర్పరచెను. ప్రార్థనయే పనిగా గల కన్యాస్త్రీలకు పెద్ద ఇల్లు, పాపజీవితము విడిచి వచ్చిన స్త్రీలకు మగ్దలేనే మరియ పేరిట ఒకటి, కుష్ఠరోగులకు లాజరు పేరిట ఒకటి, పురుషులైన సన్యాసులకు యోహాను పేరిట ఒకటి. వీరందరిమీద అధికారము ఒక స్త్రీకి అప్పగింపబడెను. సిలువమీద నుండి మన ప్రభువు తన తల్లిని యోహానునకు అప్పగించిన సంగతి మీకు తెలియును. రాబర్టు దానిని తన మఠమునకు మాదిరిగా పట్టుకొనెను. యోహాను మరియకు పరిచర్య చేసినట్లు పురుషులు స్త్రీలకు పరిచర్య చేయవలెను. పండ్రెండవ శతాబ్దమున ఇది చిన్న మాట కాదు. ఇప్పటికిని మన సంఘములలో ఎందరు పెద్దలు దీనికి ఒప్పుకొందురో నేను చెప్పలేను.

1115లో అధ్యక్షురాలిని నియమించునప్పుడు ఆయన మరియొక వింత చేసెను. చిన్ననాటి నుండి మఠములో పెరిగిన కన్యకను కాక, పెండ్లియై సంసారము నడిపిన పెత్రొనిల్లా అను స్త్రీని ఏర్పరచుకొనెను. ప్రార్థన మాత్రమే నేర్చినది ఇంత పెద్ద ఇంటిని ఏలజాలదు, మార్త పని ఎరిగినది కావలెనని ఆయన తలంపు. ఈ మార్తను మరచిపోకుడి. కట్టడములో ఆమె మరల కనబడును.

ఇక కట్టడమును గూర్చి. దీని పద్ధతికి రోమనెస్కు అని పేరు. ఆ గుళ్లు కట్టినవారికి ఆ పేరు తెలియదు, అది 19వ శతాబ్దపు పండితులు పెట్టినది. ప్రాచీన రోమీయుల వలె అర్ధచక్రపు కమానులు కట్టిరి గనుక అట్లు పిలిచిరి. మెదకు దేవాలయమును చూచినవారు దాని కమానులు పైన కొనదేలి యుండుట గమనించియుందురు. 1924లో ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయము గోథిక్కు పద్ధతిని అనుసరించినది. ఆ పద్ధతి రోమనెస్కు తరువాత పుట్టినది. కొనదేలిన కమాను కన్నును పైకి లాగును. గుండ్రని కమాను అట్లు లాగదు. అది భుజముల మీద బరువు మోయు మనిషివలె నిలిచి యుండును. తాపీ మేస్త్రీలకు దీని సంగతి తెలిసినదే. గుండ్రని కమాను తన బరువును క్రిందికి మాత్రమే గాక ప్రక్కలకును నెట్టును. ఆ నెట్టుడును ఆపుటకు గోడలు లావుగా ఉండవలెను, కిటికీలు పెద్దవిగా పెట్టరాదు. అందుచేత రోమనెస్కు గుళ్లలో అనేకములు చీకటిగా, గుహవలె ఉండును. శత్రువులకు భయపడి కట్టిన కోటలో దేవునిని ఆరాధించినట్లుండును. ఆ చీకటి నాకు నచ్చదని ముందే ఒప్పుకొనుచున్నాను.

ఫోంతెవ్రో గుడి నా మాటను కొట్టివేసినది. పడమటి ద్వారమున అడుగు పెట్టగానే ముందు తెలుపు, తరువాత ఖాళీ. ఆ ప్రాంతమున దొరకు సున్నపురాయి తెల్లనిది, మెత్తనిది. దానితోనే అంతయు కట్టిరి. లోపల ప్రక్క నడవలు లేవు, మధ్యను స్తంభముల వరుసలు లేవు. ఒకే విశాలమైన శాల, దాని మీద వరుసగా నాలుగు గుమ్మటములు. రాతి గుమ్మటమును ఇరుకు గోడల మధ్య నిలుపుట సులభము కాదు. క్రింద నున్నది నలుచదరము, పైన నున్నది వృత్తము. నలుచదరపు నాలుగు మూలలనుండి బయలుదేరి, ముందుకు వంగుచు పైకి పోవు నాలుగు త్రికోణపు రాతి భాగములు ఈ రెంటిని కలుపుచున్నవి. గుమ్మటపు బరువు వాటి మీదుగా జారి నాలుగు మూలలలోని పెద్ద దిమ్మెల మీదికి దిగును. మూలలు బరువు మోయుచుండగా మధ్యనున్న గోడకు మోత తగ్గెను. తగ్గినచోట కిటికీలు తెరచిరి. వెలుగు అక్కడనుండి వచ్చుచున్నది. నేను ఒక గుమ్మటము క్రింద నిలిచి చాలసేపు పైకి చూచితిని. మెడ నొప్పి పుట్టినది గాని బరువు అనునది ఎక్కడ మాయమైనదో తెలియలేదు.

నేల మీదినుండి చూచువానికి స్తంభముల తలలమీది చెక్కడమును కనబడును. ఆకులు, తీగెలు, మృగములు. పనివారి చేయి మంచిదే, నేను దానిమీద ఎక్కువ సేపు నిలువలేదు. తూర్పు భాగము వేరొక తీరున ఉన్నది. బలిపీఠపు చోటు చుట్టును సన్నని పొడవైన స్తంభములు దగ్గర దగ్గరగా లేచి, వాటి వెనుకగా తిరుగు దారియు, ఆ దారినుండి మూడు చిన్న ప్రార్థన గదులును ఉన్నవి. 1119లో రెండవ కలిక్‌స్తు అను పోపు వచ్చి ఈ దేవాలయమును ప్రతిష్ఠించెను. తూర్పు భాగమే అందమైనదని వ్రాసినవారు కలరు. ఆ స్తంభముల నడుమ నాకు మాత్రము ఊపిరాడలేదు. అది దూరమునుండి చూచుటకు కట్టినది. గుమ్మటముల క్రింది శాల మనుష్యులు నిలుచుటకు కట్టినది. వందలకొలది స్త్రీలు గొంతెత్తి కీర్తనలు పాడినప్పుడు ఆ శాల ఎట్లుండెనో ఊహించుకొనుడి. నేను ఒక్క దగ్గు దగ్గితిని, అది నాలుగు గుమ్మటములు తిరిగి నా యొద్దకు వచ్చెను.

గుడి వెలుపల, భోజనశాల ప్రక్కన వంటిల్లు ఉన్నది. చదువరులారా, నన్నడిగిన యెడల ఆ మఠములో మొదట చూడవలసినది అదియే. ఎనిమిది కోణముల కట్టడము. గోడల వెంబడి గుడిలోని ప్రార్థన గదుల వలెనే అర్ధచక్రపు గూళ్లు. వాటిలో కొన్ని తరువాతి కాలమున పోయినవి. ఒక్కొక్క గూడు ఒక పొయ్యి, ఒక్కొక్క పొయ్యికి ఒక పొగగొట్టము. పైకప్పు రాతి పలకలతో, చేప పొలుసుల వలె ఒకదానిమీద ఒకటిగా కప్పబడినది. లోపల నిలిచి తలయెత్తిన యెడల కమానులమీద కమానులు ఎక్కి నడిమి పొగగొట్టము వైపు కూడుకొనుచున్నవి. ఎరుగనివారు దీనిని ప్రార్థన మందిరమనియే అనుకొనిరి, సమాధి మందిరమని కూడ అనుకొనిరి. వారి పొరపాటులో నిజమున్నది. గుడి కట్టిన చేయియే వంటిల్లు కట్టెను, బలిపీఠము చుట్టును వాడిన రూపమునే పొయ్యిల చుట్టును వాడెను. మాంసము ముట్టని ఆ మఠమునకు చేపలను పొగబెట్టుటకు కట్టినదని కొందరు పండితుల అభిప్రాయము. వంటకైనను పొగకైనను అది మార్త పనియే, దానికి ఇంత గౌరవము చేసిన కట్టడమును నేను మరియొకటి చూడలేదు. ఇప్పుడు పైన కనబడు సొగసైన పొగగొట్టముల కొనలు చాలమట్టుకు 20వ శతాబ్దపు ఆరంభమున లూసియెన్ మాన్ అను శిల్పి బాగుచేసినప్పుడు పెట్టినవి. ఆయన కొంత తన ఊహను కలిపెనని చెప్పుదురు. కలిపిన మాట నిజమే, మితిమించి కలిపెను. లోపలికి పోయిన యెడల ఆ దోషము మరపునకు వచ్చును.

ఇప్పుడు సమాధులు. ఇంగ్లాండు రాజైన రెండవ హెన్రీ 1189లో మరణించి ఇక్కడ పాతిపెట్టబడెను. ఆయన కుమారుడు, సింహహృదయుడని పేరొందిన రిచర్డు 1199లో. హెన్రీ భార్యయైన ఎలియనోరు రాణి తన చివరి దినములను ఈ మఠమున గడిపి 1204లో. వీరి ప్రతిమలు రాతివి. రిచర్డు తమ్ముని భార్యయైన ఇసబెల్లా ప్రతిమ కొయ్యది. నలుగురును రంగులు వేసిన బట్టలు ధరించి, మంచములమీద వలె వెల్లకిల పండుకొని యున్నారు. ఎముకలు విప్లవకాలమున చెదరిపోయినవి, ప్రతిమలు మిగిలినవి. ఎలియనోరును హెన్రీ ఇంచుమించు 15 సంవత్సరములు కావలిలో ఉంచెను. ఆయన చావే ఆమెను విడిపించెను. అట్టి వారిద్దరు ఇప్పుడొకరి చెంత ఒకరు పండుకొని యున్నారు. ఆయన కన్నులు మూసికొనెను, ఆమె మాత్రము చేతులలో తెరచిన పుస్తకము పట్టుకొని యున్నది. చనిపోయిన రాణిని చదువుచున్నట్లు చెక్కిన ఆ పనివాని బుద్ధిని ఎంత మెచ్చినను తీరదు.

అయినను నా వాదము ఇక్కడనే. రాబర్టు 1116లో వేరొక ఊరిలో మరణపడకమీద నుండగా, తన్ను గుడిలో గాని వసారాలలో గాని పాతవలదనియు, ఫోంతెవ్రో బురదలో, తన బీదల మధ్యను, కుష్ఠరోగుల మధ్యను పాతవలెననియు కోరుకొనెనని ఆయన జీవితము వ్రాసిన శిష్యుడు చెప్పుచున్నాడు. ఆయన దేహమును ఫోంతెవ్రోకు తెచ్చిరి. తెచ్చి గుడిలో, ప్రధాన బలిపీఠము దగ్గర పాతిపెట్టిరి.

పెత్రొనిల్లా ఇట్లేల చేసెను? కోపముతో ఆమెను తీర్పు తీర్చవలెనని నాకు మొదట తోచెను. స్థాపకుడు బలిపీఠము చెంత పండుకొనిన యెడల, ఆ చోటు గొప్పవారి చోటని లోకమునకు తెలిసిపోవును. నూరు సంవత్సరములు తిరుగకముందే రాజులు వచ్చి అక్కడ పండుకొనిరి. తరువాత తరువాత రాజవంశపు కుమార్తెలు అధ్యక్షురాండ్రైరి. 1738లో పదిహేనవ లూయీ రాజు తన చిన్న కుమార్తెలు నలుగురిని పెంపకమునకు ఇక్కడికే పంపెను. బీదలకొరకు వేసిన పునాదిమీద ఏండ్లు గడచిన కొలది పెద్దింటి స్త్రీల ఇల్లు లేచెను. మన పల్లె గుళ్లలో దాతల పేర్లు చెక్కిన పలకలు ఎక్కడ పెట్టవలెనని జరుగు జగడములు చూచినవారికి ఈ దారి కొత్త కాదు.

వంటింటిలో నిలిచినప్పుడు నా కోపము కొంత చల్లారినది. పెత్రొనిల్లా 1149 వరకు, అనగా 34 సంవత్సరములు, ఆ ఇంటిని ఏలెను. రాబర్టు మాటలు గాలిలో కలిసిపోకుండ రాళ్లైనది ఆమె కాలములోనే. స్త్రీ చేతిలో పురుషులుండుటను సహింపని వారు చుట్టును ఉండగా, స్థాపకుని సమాధి బురదలో ఉండెనేని ఆ ఇంటి హక్కులను ఎవరు లెక్కచేయుదురు? బలిపీఠము చెంత ఆయన దేహము ఆమె చేతిలో ఒక పట్టా వంటిది. ఆమె మార్త. ఇల్లు నిలుపుకొనవలెను, వందల నోళ్లకు అన్నము పెట్టవలెను. ఆమె తప్పు చేసెనని ఇప్పటికిని నా మనస్సు చెప్పుచున్నది. ఆ తప్పు లేకుండ ఆ గుడి ఉండునా అని అడిగిన యెడల నా యొద్ద జవాబు లేదు.

గుడికి దాని తీర్పు వేరొక రీతిగా వచ్చెను. 1789లో ఫ్రాన్సు దేశపు సంఘపు ఆస్తులన్నియు ప్రభుత్వ వశమాయెను. 1792లో కన్యాస్త్రీలు వెళ్లగొట్టబడిరి. ఒకరి తరువాత ఒకరుగా 36 మంది అధ్యక్షురాండ్రు ఏలిన ఇల్లు బోసిపోయెను. 1804లో నెపోలియను దానిని చెరసాలగా మార్చుటకు ఆజ్ఞ ఇచ్చెను. 1814 నుండి ఖైదీలు వచ్చిరి, చెరసాల 1963 వరకు సాగెను. ఒక చిన్న ఖైదీల గుంపు 1985 వరకు ఉండెను. నేను నిలిచి వెలుగును చూచిన ఆ శాలకు గుమ్మటములు పడగొట్టి, అడ్డముగా అంతస్తులు వేసి, ఖైదీలను పండబెట్టిరి. ఇప్పుడున్న గుమ్మటములు 20వ శతాబ్దపు ఆరంభమున తిరిగి కట్టినవి.

దీనిని వినినప్పుడు అయ్యో దేవుని మందిరమా అని అందరును ఏడ్చెదరు. అందరితో కలిసి ఏడ్చుటకు నాకు మనసు రాలేదు. ఒక సంగతి, చెరసాలయే దానిని బ్రతికించెను. దొంగల గుహ అని మనము పేరు పెట్టవచ్చును గాని, క్లూనీ మఠములోని మహా దేవాలయమును అదే కాలమున కొన్నవారు రాళ్లకొరకు పగులగొట్టి అమ్మివేసిరి. ఫోంతెవ్రో ప్రభుత్వమునకు పనికివచ్చెను గనుక మిగిలెను. రెండవ సంగతి, రాబర్టు వెంట మొదట వచ్చినవారెవరు? లోకము వెలివేసినవారు. ఏడు వందల సంవత్సరముల తరువాత రాజకుమార్తెలు వెళ్లిపోయి, వెలివేయబడినవారే మరల ఆ గుమ్మటముల చోట పండుకొనిరి. ఈసారి వారిని పిలిచి తెచ్చిన బోధకుడు లేడు, బేడీలు తెచ్చినవి. ఇది దేవుని హాస్యమో, మనుష్యుల క్రూరత్వమో, నేను విడదీయలేను. ప్రభువు చివరి దినపు తీర్పునుగూర్చి చెప్పుచు చెరసాలలో తన్ను చూడవచ్చిన వారిని ప్రస్తావించిన సంగతి మాత్రము ఆ శాలలో నన్ను విడువలేదు.

ఇప్పటి స్థితిని గూర్చి ఒక ఫిర్యాదు. చెరసాల గోడలు, అంతస్తులు ఊడదీసి, రాయి కడిగి, అన్నియు నిన్న కట్టినట్లు శుభ్రము చేసిరి. పనివారి శ్రమ గొప్పది. కాని గుడిలో బెంచి లేదు, బలిపీఠపు దీపము లేదు, నేలమీద మోకాళ్లు ఆనిన గుర్తు లేదు. 1975 నుండి అది సంగీత సభలకు, కళా ప్రదర్శనలకు నిలయము. 2000లో లువార్ లోయతో కూడ ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. కుష్ఠరోగుల పేర కట్టిన లాజరు ఇంట ఇప్పుడొక హోటలు నడుచుచున్నది. అచ్చట మంచి భోజనము దొరకునని చెప్పిరి. సువార్తలోని లాజరు ధనవంతుని బల్లమీదనుండి పడు రొట్టెముక్కలను కోరెనని జ్ఞాపకము వచ్చి, నేను ఊరిలో రొట్టె కొనుక్కొని తింటిని. నా పొగరు కూడ అందులో కొంత ఉండవచ్చును.

నేను వెళ్లిన దినమున ప్రొద్దుటినుండి సన్నని వాన. మధ్యాహ్నమునకు ఆగినది. సోమూరు బస్సుకు ఇంకను వ్యవధి ఉండుటచేత, వెనుకటి తోటల వైపు నడచి, దారి చూపువాని నొకని కలిసికొని, రాబర్టు కోరుకొనిన బీదల శ్మశానము ఎక్కడ ఉండెనని అడిగితిని. ఎవరును ఈ ప్రశ్న అడుగరు కాబోలు, అతడు కొంచెము ఆలోచించెను. తరువాత చేయి చాపి, గోడ మొదలుకొని చెట్ల వరకు ఉన్న గడ్డినేల వైపు చూపి, ఇటు ఎక్కడనైనను కావచ్చునని చెప్పెను. అక్కడ గుర్తుగా రాయి ఏదియు లేదు. బస్సు వచ్చు వేళ వరకు ఆ తడి నేలమీద నడచితిని.